బ్యాండ్ వచ్చింది సరే, అది ఎవరిది?

(ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ విద్యార్థులకూ, కొత్తగా పీహెచ్‌డీలో చేరినవాళ్లకూ ప్రాక్టికల్స్‌కి ముందు ఇచ్చిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే రాసి, అక్కడక్కడా వాక్యం సరిచేశాను.)

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్లకి వినబడుతోందా? సరే, మొదలుపెడతాను.

ఇవాళ నేను మాట్లాడబోయేది ఒక చిన్న సీసా గురించి. ఇదిగో, చేతిలో పట్టుకొచ్చాను, ఇప్పుడు ఖాళీది. ఇందులో 100 మైక్రోలీటర్లు వస్తుంది, అంటే మందు చుక్కలు వేసుకుంటాం చూడండి, అలాంటివి రెండు చుక్కలు. దీనికి 30 వేలో 40 వేలో పెడతాం, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. ఆర్డరు పెట్టిన నెలకో నెలన్నరకో విదేశం నుంచి థర్మాకోల్ పెట్టెలో, ఐస్ ప్యాకుల మధ్య కూర్చుని వస్తుంది. వచ్చిన రోజు ల్యాబ్‌లో అందరూ ఆ పెట్టె చుట్టూ చేరతారు. సీసా మీద లేబుల్ ఉంటుంది, ఫలానా ప్రోటీన్‌ను పట్టుకునే యాంటీబాడీ అని. ఆ లేబుల్ని మనం నమ్మేస్తాం. బజార్లో కందిపప్పు కొన్నా నాలుగు గింజలు చేతిలోకి తీసుకుని చూసి కొనే మనం, దీన్ని మాత్రం చూడకుండా నమ్మేస్తాం. ఇవాళ నా బాధంతా అదే.

ఈ స్లైడ్ చూడండి. వెస్టర్న్ బ్లాట్, అంటే ప్రోటీన్లను జెల్‌లో బరువుని బట్టి విడదీసి, మెంబ్రేన్ అనే పల్చటి పొర మీదికి ఎక్కించి, యాంటీబాడీ పట్టుకున్న చోటు ఒక గీతలా, అంటే బ్యాండ్‌గా, కనబడేలా చేసే పరీక్ష. ఒకటే బ్యాండ్, శుభ్రంగా ఉంది, పక్కన 53 అని గుర్తు. ఇదేంటి? ఆఁ, పి53 అంటున్నారు చాలామంది. ఎలా చెప్పారు? 53 దగ్గర ఉంది కాబట్టి, కింద పి53 అని రాసి ఉంది కాబట్టి. ఆ అక్షరాలు రాసింది నేను. నేను అక్కడ ఏ పేరు టైపు చేస్తే మీరు అదే చదివేవాళ్లు. బ్యాండ్ తన పేరు తాను చెప్పదు కదా. ఈ ఒక్క సంగతి పట్టుకుని మిగతాది చెప్పుకుందాం.

ముందు పి53 లాంటి ట్రాన్స్‌క్రిప్షన్ ప్రోటీన్లంటే ఏంటో రెండు మాటల్లో. మీకు తెలిసిందే కాబట్టి ఎక్కువసేపు ఆగను. కాలేయంలోనూ చర్మంలోనూ ఉన్న డీఎన్ఏ ఒకటే, ఏ జన్యువు నుంచి ఆర్ఎన్ఏ నకలు తీయాలి, ఎప్పుడు, ఎంత తీయాలి అన్నదే తేడా. ఆ పని నడిపించే ప్రోటీన్లలో డీఎన్ఏ మీద తమ వరుసను వెతుక్కుని కూర్చునేవాటిని ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు అంటాం. మనిషిలో సుమారు 1,600 ఉన్నాయి. క్యాన్సర్ రాకుండా కాపు కాసే పి53 ఒకటి, ఈస్ట్రోజెన్ రిసెప్టర్లు రెండు, ఇలా.

వీటితో యాంటీబాడీకి రెండు ఇబ్బందులు. ఒకటి, ఇవి కణంలో చాలా తక్కువగా ఉంటాయి. యాక్టిన్ లాంటి ప్రోటీన్ ఒక్కో కణంలో కోట్ల కాపీలు ఉంటే, ఇవి వేలల్లోనో, మహా అయితే లక్షల్లోనో ఉంటాయి. రెండోది, ఇవి కుటుంబాలుగా ఉంటాయి. పి53కి పి63, పి73 అని తోబుట్టువులున్నాయి, డీఎన్ఏని పట్టుకునే భాగం మూడింటిలోనూ బాగా కలుస్తుంది. ఇప్పుడు ఆలోచించండి, జాతరలో మనం వెతికే మనిషి ఒక్కడే, వాడి పోలికలు కొద్దికొద్దిగా ఉన్నవాళ్లు వేలమంది. దూరం నుంచి చూసి చెయ్యి పట్టుకుంటే మనకి దొరికేది ఎవరు? యాంటీబాడీ మన ప్రోటీన్‌ను గట్టిగా, ఇంకో ప్రోటీన్‌ను వంద రెట్లు బలహీనంగా పట్టుకుంటుందనుకుందాం. వినడానికి మంచి యాంటీబాడీలాగే ఉంది. కానీ ఆ రెండో ప్రోటీన్ కణంలో వెయ్యి రెట్లు ఎక్కువుంటే, మెంబ్రేన్ మీద నల్లగా కనబడేది ఆ రెండోదే.

అసలు యాంటీబాడీ దేన్ని చూసి గుర్తుపడుతుంది? మొత్తం ప్రోటీన్‌ను కాదు. మీ పదో తరగతి సర్టిఫికెట్ గుర్తుందా, అందులో పుట్టుమచ్చలు రాస్తారు. కుడి మోచేతి మీద ఒక పుట్టుమచ్చ, ఎడమ చెంప మీద ఒకటి అని. యాంటీబాడీ చూసేది ఆ పుట్టుమచ్చనే, దాన్నే ఎపిటోప్ అంటాం. చాలాసార్లు అది ఐదారు అమైనో ఆమ్లాల ముక్క, లేదా ప్రోటీన్ మడతపడినప్పుడు పక్కపక్కకి చేరిన కొన్ని అమైనో ఆమ్లాలు. ఎడమ చెంప మీద పుట్టుమచ్చ ఉన్నవాళ్లు ఊళ్లో మీరొక్కరే ఉంటారా? అలాగే మనిషి చొక్కా చేతులు దించేసుకుంటే మోచేతి మీద మచ్చ ఉన్నా కనబడదు. యాంటీబాడీ కష్టాలన్నీ దాదాపుగా ఈ రెండింటిలోనే ఉన్నాయి, అదే మచ్చ ఇంకొకరికి ఉండటం, మన మనిషికున్న మచ్చ ఆ పూట కప్పబడి ఉండటం.

రకాల గురించి త్వరగా చెప్పేస్తాను. కుందేలుకి ప్రోటీన్ ఎక్కించి దాని రక్తం నుంచి తీస్తే పాలీక్లోనల్, అందులో రకరకాల యాంటీబాడీల మిశ్రమం ఉంటుంది. ఆ కుందేలు చనిపోతే అదే మిశ్రమం మళ్లీ దొరకదు. తర్వాత లాట్, అంటే తర్వాత తయారైన బ్యాచ్, ఇంకో కుందేలుది, పేరూ కేటలాగ్ నంబరూ మాత్రం పాతవే. 1975లో కేంబ్రిడ్జ్‌లో జార్జెస్ కోలర్, సీజర్ మిల్‌స్టీన్ కలిసి హైబ్రిడోమా పద్ధతి కనిపెట్టారు, ఒకే కణం సంతతి నుంచి ఒకే యాంటీబాడీ, అదే మోనోక్లోనల్. 1984లో నోబెల్ వచ్చింది. వాళ్లు దానికి పేటెంట్ తీసుకోలేదు, ఆ మాట ఎప్పుడు చెప్పినా నాకు గౌరవంగా అనిపిస్తుంది. ఇప్పుడు యాంటీబాడీ జన్యు వరుసనే చదివి, దాన్ని వేరే కణాల్లో పెట్టి చేసేవి రీకాంబినెంట్ యాంటీబాడీలు. వరుస చేతిలో ఉంటే యాభై ఏళ్ల తర్వాత కూడా అదే తయారుచేయొచ్చు. మోనోక్లోనల్ అనగానే స్వచ్ఛం అనుకోకండి. 185 హైబ్రిడోమాలను వరుసలు చదివి చూస్తే దాదాపు మూడో వంతు వాటిలో అదనపు గొలుసులు కూడా తయారవుతున్నాయని 2018లో తేలింది.

ఇప్పుడు పి53 దగ్గరికి వద్దాం, ఎందుకంటే యాంటీబాడీ గురించి నేర్చుకోవాల్సింది దాదాపు మొత్తం ఈ ఒక్క ప్రోటీన్ దగ్గరే నేర్చుకోవచ్చు. 1979లో నాలుగైదు ల్యాబ్‌లు విడివిడిగా దీన్ని చూశాయి. డేవిడ్ లేన్, ఆర్నాల్డ్ లెవీన్ పేర్లు మీరు విని ఉంటారు. జెల్ మీద 53 కిలోడాల్టన్ల (ప్రోటీన్ బరువుకి కొలత) దగ్గర కనబడింది కాబట్టి పి53 అని పేరు వచ్చేసింది. దాని అసలు బరువు ఎంతో తెలుసా? 393 అమైనో ఆమ్లాలు, సుమారు 43.7 కిలోడాల్టన్లు. అందులో ప్రోలిన్లు ఎక్కువున్న భాగం ఉండటం వల్ల జెల్‌లో నెమ్మదిగా నడుస్తుంది. అంటే పేరులో ఉన్న అంకె జెల్ చూపించిన అంకె, ప్రోటీన్ బరువు కాదు. "మేడమ్, కరెక్ట్ సైజులో బ్యాండ్ వచ్చింది" అని ఎవరైనా నా దగ్గరికి పరుగెత్తుకొచ్చినప్పుడు నేను ఈ కథే చెబుతాను. లెక్క ప్రకారం రావాల్సిన చోట వచ్చినంత మాత్రాన అది మన ప్రోటీన్ అయిపోదు, రాకపోయినంత మాత్రాన కాకుండా పోదు.

ఇంకో ప్రమాదం కూడా అక్కడే ఉంది. యాంటీబాడీ అంటే 150 కిలోడాల్టన్లు, జెల్‌లో విడగొడితే 50 దగ్గర పెద్ద గొలుసు, 25 దగ్గర చిన్న గొలుసు. మీరు ఎలుక యాంటీబాడీతో ఇమ్యునోప్రెసిపిటేషన్, అంటే యాంటీబాడీతో ప్రోటీన్‌ను ద్రావణంలోంచి బయటికి లాగడం, చేసి, అదే బ్లాట్‌ను మళ్లీ ఎలుక యాంటీబాడీతో చూస్తే, సెకండరీ, అంటే మొదటి యాంటీబాడీని పట్టుకుని సంకేతం ఇచ్చే రెండో యాంటీబాడీ, వెళ్లి ఆ పెద్ద గొలుసును పట్టుకుంటుంది. 50, 55 దగ్గర దట్టంగా బ్యాండ్ వస్తుంది. పి53 కూర్చునేది సరిగ్గా అక్కడే. ఇలాంటి బ్లాట్లు నేను చాలా చూశాను, చేసిన పిల్లలు చాలా సంతోషంగా తెచ్చి చూపిస్తారు, నిజం చెప్పడానికి నాకే కష్టంగా ఉంటుంది.

పి53కి మంచి యాంటీబాడీ డీఓ-1. దీనిది ప్రోటీన్ మొదట్లో 20, 25 అమైనో ఆమ్లాల మధ్య చిన్న ముక్క. మనిషి పి53ని బాగా పడుతుంది, ఎలుక పి53ని పట్టదు. మొదటి భాగం లేకుండా తయారయ్యే పొట్టి పి53 రూపాలు కొన్ని ఉన్నాయి, వాటినీ పట్టదు, ఎందుకంటే మచ్చ ఉన్న చోటే అక్కడ లేదు. 20వ చోట ఉన్న సెరీన్‌కి ఫాస్ఫేట్ తగిలితే పట్టు తగ్గుతుంది. ఇది చాలా ముఖ్యం. డీఎన్ఏ దెబ్బతిన్నప్పుడు కణం చేసే పనుల్లో ఆ ఫాస్ఫేట్ తగిలించడం ఒకటి. మీరు డీఎన్ఏని దెబ్బతీసే డాక్సోరూబిసిన్ మందు ఇచ్చి పి53 పెరిగిందా తగ్గిందా అని చూస్తున్నప్పుడు ఈ సంగతి తెలియకపోతే తగ్గింది అని రాసే అవకాశం ఉంది. డీఓ-1 చెడ్డది అని నేను అనడం లేదు. అది దేన్ని చూస్తుందో, ఎప్పుడు చూడలేదో మనకి తెలుసు, అందుకే మంచిది అంటున్నాను.

ఇంకొకటి చెప్పాలి, పీఏబీ240. పి53లో చాలా మ్యుటేషన్లు ప్రోటీన్ మడతను విప్పేస్తాయి, మామూలుగా లోపల దాగి ఉండే ముక్క అప్పుడు బయటపడుతుంది. పీఏబీ240 ఆ ముక్కనే పడుతుంది. కాబట్టి మ్యుటెంట్ పి53ని మాత్రమే పట్టే యాంటీబాడీ అని పేరు. నిజమే, ప్రోటీన్ మడతతో ఉన్నంతసేపు నిజమే. కానీ వెస్టర్న్‌లో మనం ఏం చేస్తాం? ఎస్‌డీఎస్ అనే సబ్బులాంటి రసాయనం వేసి 95 డిగ్రీల దగ్గర ఐదు నిమిషాలు ఉడకబెడతాం. మంచి పి53 మడత కూడా విడిపోతుంది, ఆ ముక్క బయటికి వస్తుంది, పీఏబీ240 దాన్నీ పట్టేస్తుంది. అదే సీసా, అదే లాట్, ఇమ్యునోప్రెసిపిటేషన్‌లో ఒక మాట చెబుతుంది, వెస్టర్న్‌లో ఇంకో మాట చెబుతుంది. "ఈ యాంటీబాడీ పనిచేస్తుందా?" అన్న ప్రశ్న అందుకే సగం ప్రశ్న. ఏ పనికి పనిచేస్తుంది అని అడగాలి. ఫార్మలిన్‌లో ఊరి మైనంలో కూర్చున్న కణజాలంలో పనిచేసింది వెస్టర్న్‌లో పనిచేయకపోవచ్చు, వెస్టర్న్‌లో పనిచేసింది చిప్‌లో, అంటే ప్రోటీన్ డీఎన్ఏ మీద ఎక్కడ కూర్చుందో చూసే పరీక్షలో, డీఎన్ఏ మీద కూర్చున్న ప్రోటీన్‌ను అసలు చేరుకోలేకపోవచ్చు.

సరే. ఇప్పుడు ఈస్ట్రోజెన్ రిసెప్టర్ బీటా కథ. దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను.

ఈస్ట్రోజెన్ రిసెప్టర్‌ను 1950ల చివర్లో షికాగోలో ఎల్వుడ్ జెన్సన్ పట్టుకున్నారు. హార్మోన్ వచ్చి అంటుకోగానే డీఎన్ఏ మీద పనిచేసే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ ఇది. రొమ్ము క్యాన్సర్లలో పదింట ఏడు దాకా ఈఆర్ పాజిటివ్, అంటే గడ్డలో ఈ రిసెప్టర్ ఉన్నవి. ఆ మాట మన ఊళ్లలో కూడా ఇళ్లలో వినబడుతోంది, బయాప్సీ రిపోర్టులో ఈఆర్ పాజిటివ్ అని రాస్తే టామోక్సిఫెన్ లాంటి మాత్రలు పనిచేసే అవకాశం ఉందని అర్థం. మీలో కొందరి ఇళ్లలో ఆ మాత్రలు వేసుకున్నవాళ్లు ఉండి ఉంటారు. రిపోర్టులో ఉండేది ఈ మొదటి రిసెప్టరే, ఇప్పుడు దాన్ని ఆల్ఫా అంటాం.

1996లో స్వీడన్‌లో యాన్-ఓకే గుస్టాఫ్‌సన్ బృందం రెండో ఈస్ట్రోజెన్ రిసెప్టర్ ఉందని చూపించింది. దానికి బీటా అని పేరు పెట్టారు. ఎంత ఆశ పుట్టి ఉంటుందో ఊహించండి. ఆల్ఫాకి చికిత్స ఉంది కదా, బీటాతో ఇంకో దారి తెరుచుకుంటుందేమో అని ప్రపంచమంతా ల్యాబ్‌లు దాని మీద పడ్డాయి. కంపెనీలు యాంటీబాడీలు తెచ్చాయి, వేల పేపర్లు వచ్చాయి. ఇక అక్కడి నుంచి చిక్కు మొదలైంది. ఒక పేపర్ రొమ్ము గడ్డల్లో బీటా ఎక్కువ అంటుంది, ఇంకోటి తక్కువ అంటుంది. బీటా ఉంటే రోగికి మంచిది అని ఒకరు, చెడ్డది అని ఒకరు. ఒకరు న్యూక్లియస్‌లో చూశామంటారు, ఒకరు సైటోప్లాజమ్‌లో, ఒకరు మైటోకాండ్రియాలో. ఇలా ఇరవై ఏళ్లు. జీవశాస్త్రం క్లిష్టమైనది కాబట్టి ఇలాగే ఉంటుంది అని అందరూ సర్దుకున్నారు. ఆ సర్దుకోవడమే నన్ను ఇప్పటికీ కలతపెడుతుంది.

2017లో స్టాక్‌హోమ్ నుంచి సిసిలియా విలియమ్స్ బృందం, మనిషి ప్రోటీన్లు ఏ కణజాలంలో ఉన్నాయో పటం గీసే హ్యూమన్ ప్రోటీన్ అట్లాస్ వాళ్లతో కలిసి, ఒక పని చేసింది. జనం వాడుతున్న బీటా యాంటీబాడీలు 13 తీసుకుంది. బీటా ఉన్నట్టు ఖాయంగా తెలిసిన కణాలు ఒక పక్క, లేనట్టు ఖాయంగా తెలిసిన కణాలు ఇంకో పక్క పెట్టి ఒక్కోదాన్నీ పరీక్షించింది. 13లో ఎన్ని నిలబడ్డాయి? ఎవరైనా చెబుతారా? సగమా? కాదమ్మా. ఒక్కటి. పీపీజెడ్0506 అనే ఎలుక మోనోక్లోనల్ ఒక్కటే. ఎక్కువగా వాడుకలో ఉన్నవి కూడా బీటా లేని చోట సంకేతం చూపించాయి, లేదా ఉన్న చోట చూపించలేకపోయాయి. అదే ఏడాది కేంబ్రిడ్జ్‌లో ఇంకో బృందం కూడా వేరేగా చేసి, బీటా యాంటీబాడీలు చాలావరకు నమ్మదగినవి కావనే చెప్పింది.

ఆ ఒక్క యాంటీబాడీతో మనిషి కణజాలాలన్నీ చూస్తే బీటా వృషణాల్లో ఉంది, అండాశయంలో గ్రాన్యులోసా కణాల్లో ఉంది, కొన్ని లింఫ్ కణాల్లో ఉంది. మామూలు రొమ్ములో కనబడలేదు. రొమ్ము క్యాన్సర్‌లో కూడా కనబడలేదు. ఆర్ఎన్ఏ లెక్కలు తీసి చూస్తే అవీ ఇదే చెబుతున్నాయి. అసలు ఆర్ఎన్ఏ లేని చోట ప్రోటీన్ ఎక్కడి నుంచి వస్తుంది?

ఇక్కడ ఒక్క క్షణం ఆగుతాను. ఆ ఇరవై ఏళ్లలో స్లైడ్ల మీదికి వచ్చిన ప్రతి ముక్కా ఒక మనిషి నుంచి వచ్చింది. ఆపరేషన్ టేబుల్ మీదికి వెళ్లేముందు, నా గడ్డను పరిశోధనకు వాడుకోండి, నాలాంటి ఇంకొకరికి పనికొస్తే చాలు అని సంతకం పెట్టిన ఆడవాళ్లు. వాళ్లు మనకిచ్చిన ముక్క మీద మనం సరిగా చూడని యాంటీబాడీ పోశాం. దీన్ని నేను సాంకేతిక పొరపాటుగా మాత్రమే చూడలేను.

భయపెట్టి పంపడం నా ఉద్దేశం కాదు, అందుకని ఒకటి స్పష్టంగా చెప్పాలి. ఆసుపత్రిలో చేసే ఈఆర్ ఆల్ఫా పరీక్ష వేరు. ఎస్‌పీ1, 6ఎఫ్11 లాంటి క్లోన్లు ఏళ్ల తరబడి రోగుల ఫలితాలతో సరిచూసినవి, ప్రతి బ్యాచ్‌తో కంట్రోల్ స్లైడ్ ఉంటుంది, అదే ముక్కలో పక్కనున్న మామూలు పాల నాళాల కణాల్లో రంగు వచ్చిందా లేదా అని పెథాలజిస్ట్ చూస్తారు. మన సీసా మీద మాత్రం చిన్న అక్షరాలతో "పరిశోధనకు మాత్రమే" అని ఉంటుంది. ఆ మాటకి అర్థం, సరిచూసుకునే బాధ్యత కొన్నవాళ్లదే అని.

మిగతా యాంటీబాడీల సంగతి ఇంతేనా అంటే, పెద్ద ఎత్తున చూసినవాళ్లున్నారు. హ్యూమన్ ప్రోటీన్ అట్లాస్ 2008లో 5,000కి పైగా యాంటీబాడీలను పరీక్షిస్తే దాదాపు సగమే నిలిచాయి. ఈమధ్య కెనడాలో మాంట్రియల్ కేంద్రంగా వైకారోస్ అనే బృందం పనిచేస్తోంది, కంపెనీలే యాంటీబాడీలు ఉచితంగా ఇస్తాయి, వీళ్లు ప్రోటీన్ ఉన్న కణం, దాని జన్యువును తీసేసిన కణం, అంటే నాకౌట్ కణం, పక్కపక్కన పెట్టి ఫలితం అందరికీ చూపిస్తారు. 2023లో వచ్చిన వాళ్ల పేపర్‌లో 65 ప్రోటీన్లకి 614 యాంటీబాడీలు చూశారు. మూడింట రెండు వంతుల ప్రోటీన్లకి కనీసం ఒక మంచి యాంటీబాడీ దొరికింది, రీకాంబినెంట్‌లు మిగతావాటికంటే బాగా పనిచేశాయి. అంటే మంచివి ఉన్నాయి, వెతుక్కోవాలి. ఆ పేపర్‌లోనే ఇంకో లెక్క ఉంది, ఒక్కో ప్రోటీన్‌కీ సగటున పన్నెండు దాకా పేపర్లు, ఆ ప్రోటీన్‌ను అసలు పట్టని యాంటీబాడీతో వచ్చినవి. వాళ్ల ఫలితాలు చూసి కంపెనీలు కొన్నిటిని అమ్మకం నుంచి తీసేశాయి కూడా.

ఇప్పుడు నా సంగతి. నా పీహెచ్‌డీ మూడో ఏడు. నేను చూస్తున్నది కూడా ఒక ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టరే, 60 కిలోడాల్టన్ల దగ్గర రావాలి. యాంటీబాడీ వచ్చింది, కుందేలు పాలీక్లోనల్, కంపెనీ పేరు వద్దు. మొదటి బ్లాట్‌లోనే 60 దగ్గర ఒకటే బ్యాండ్, అద్దంలా ఉంది. మైక్రోస్కోప్ కింద చూస్తే న్యూక్లియస్‌లో ఉండాల్సిన ప్రోటీన్ సైటోప్లాజమ్‌లో దారాల్లా కనబడింది. నేనేం చేయాలి? యాంటీబాడీని అనుమానించాలి. నేను అనుమానించలేదు. ఇది కొత్త విషయం, ఈ ప్రోటీన్ బయట కూడా పనిచేస్తోంది, ఇదే నా థీసిస్ అనుకున్నాను. ఎనిమిది నెలలు దాని మీదే, ఆదివారాలు కూడా. ఒక జూనియర్ అమ్మాయి తన ప్రాజెక్టుకి నా సీసాలోంచే తీసుకుంది.

తర్వాత వేరే ఊళ్లో ఉన్న ఒక స్నేహితురాలు క్రిస్పర్‌తో ఆ జన్యువును తీసేసిన కణాలు పంపింది. పక్క లేన్‌లో వేశాను. రెండు లేన్లలోనూ ఒకే బ్యాండ్, ఒకే దట్టం. నేను లేన్లు తారుమారు చేశాననుకుని మళ్లీ చేశాను. మళ్లీ అదే. కణాల డీఎన్ఏ వరుస చదివించాను, జన్యువు నిజంగానే పోయింది. ఆ బ్యాండ్‌ను కోసి మాస్ స్పెక్‌కి, అంటే ముక్కల బరువులు తూచి ప్రోటీన్ ఏదో చెప్పే యంత్రానికి, పంపితే వచ్చిన జవాబు హెచ్‌ఎస్‌పీ60, మైటోకాండ్రియాలో గుట్టలుగా ఉండే ప్రోటీన్. దారాల్లా కనబడింది మైటోకాండ్రియానే. కంపెనీకి రాస్తే మర్యాదగానే స్పందించి డబ్బు తిరిగిచ్చారు. ఎనిమిది నెలలు మాత్రం పోయినట్టే. ఆ రాత్రి హాస్టల్‌కి వెళ్లకుండా ల్యాబ్ మెట్ల మీద కూర్చుండిపోయాను, నా పని పోయినందుకు ఒక బాధ, ఆ జూనియర్‌కి పొద్దున్న ఏం చెప్పాలా అని ఇంకో టెన్షన్. చెప్పాను. ఇద్దరం కలిసి వెళ్లి మా గైడ్‌కి చెప్పాం. ఆయన ఒకటే అడిగారు, "ఆ కణాల కోసం మొదటి నెలలోనే ఎందుకు అడగలేదు?" అని. నా దగ్గర జవాబు లేదు. బ్యాండ్ అంత అందంగా ఉంటే అడగాలని తోచలేదు.

(సభలోంచి ఒక విద్యార్థిని: మేడమ్, మా కాలేజీలో క్రిస్పర్ చేసే వీలు లేదు. నాకౌట్ కణాలు కొనే డబ్బూ లేదు. అప్పుడు మేమేం చేయాలి?)

మంచి ప్రశ్న అడిగావమ్మా, నేను చెప్పాలనుకున్న ముఖ్యమైన భాగం ఇదే. డబ్బు లేకుండా చేయగలిగింది చాలా ఉంది. మొదటిది, ఆర్డరు పెట్టకముందే హ్యూమన్ ప్రోటీన్ అట్లాస్ సైటు తెరువు, ఉచితం. నీ జన్యువు ఆర్ఎన్ఏ ఏ సెల్ లైన్‌లో, అంటే ల్యాబ్‌లో పెంచే ఏ కణాల్లో, ఎక్కువుందో, ఏ దాంట్లో అసలు లేదో పట్టిక ఉంటుంది. ఎక్కువున్నది ఒకటి, లేనిది ఒకటి ఎంచుకో, మీ దగ్గర లేకపోతే పక్క ల్యాబ్‌లో అడుగు. ప్రకృతే కొన్నిటిని నాకౌట్ చేసి పెట్టింది. పి53కి హెచ్1299 అనే ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాలున్నాయి, వాటిలో పి53 జన్యువే చెడిపోయి ప్రోటీన్ లేదు. సావోస్-2 ఎముక క్యాన్సర్ కణాలూ అంతే. ఎంసీఎఫ్-7 అనే రొమ్ము క్యాన్సర్ కణాల్లో మామూలు పి53 ఉంటుంది, డాక్సోరూబిసిన్ ఇస్తే పెరుగుతుంది. ఈ మూడూ పక్కపక్కన వేస్తే సగం సంగతి తేలిపోతుంది. హీలా అనే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కణాలు మాత్రం తీసుకోవద్దు, వాటిలో పాపిలోమా వైరస్ ఈ6 ప్రోటీన్ పి53ని ఎప్పటికప్పుడు నాశనం చేస్తుంది, బ్యాండ్ పలచగా వచ్చి అయోమయపడతావు.

అలాంటి కణాలు దొరక్కపోతే ఎస్ఐఆర్ఎన్ఏ, అంటే ఒక జన్యువు ఆర్ఎన్ఏని నాశనం చేయించే చిన్న ఆర్ఎన్ఏ ముక్క. రెండు వేర్వేరు ఎస్ఐఆర్ఎన్ఏలతో జన్యువును అణిచి చూడు, బ్యాండ్ తగ్గాలి. వీలైతే అదే ప్రోటీన్ మీద ఇంకో చోట పట్టే రెండో యాంటీబాడీతో చూడు, రెండూ ఒకే మాట చెప్పాలి. చాలామంది చేసేది ఒకటుంది, జన్యువును బయటినుంచి దండిగా ఎక్కించి, చూడండి పట్టింది అనడం. అంత దండిగా ఉంటే ఏ యాంటీబాడీ అయినా పడుతుంది. అది పట్టగలదా అన్న దానికి జవాబే కానీ, ఇంకెవరినీ పట్టదా అన్న దానికి కాదు.

ఇంకో పాత అలవాటు, పెప్టైడ్ బ్లాకింగ్. ఎపిటోప్ ముక్కతో యాంటీబాడీని ముందే కలిపి ఉంచితే బ్యాండ్ మాయమవుతుంది, కాబట్టి నిజమైనదే అంటారు. నేను కూడా నమ్మాను, నా హెచ్‌ఎస్‌పీ60 బ్యాండ్ కూడా పెప్టైడ్‌తో చక్కగా మాయమైంది. ఎందుకంటే యాంటీబాడీ ఏ చేత్తో మన ప్రోటీన్‌ను పడుతుందో అదే చేత్తో పరాయిదాన్నీ పడుతోంది. చేతిలో పెప్టైడ్ పెట్టేస్తే రెండింటినీ వదిలేస్తుంది. కాబట్టి దాన్ని రుజువుగా రాయకండి.

రాసేటప్పుడు మాత్రం దయచేసి "పి53 యాంటీబాడీ వాడాం" అని ఒక్క ముక్కలో వదిలేయకండి. క్లోన్ పేరు, కేటలాగ్ నంబరు, లాట్ నంబరు, ఎంత పలచన చేశారు, ఆర్‌ఆర్‌ఐడీ, అంటే ఒక్కో యాంటీబాడీకీ ఇచ్చే గుర్తింపు నంబరు, ఉంటే అది. మెంబ్రేన్ మొత్తం ఫొటో పెట్టండి, మధ్యలో సన్నని పట్టీ కత్తిరించి పెట్టకండి. బెంగళూరులోనో బ్రెజిల్‌లోనో కూర్చున్న ఒక పిల్ల మీ పేపర్ చూసి తన గ్రాంటు డబ్బులతో అదే సీసా కొంటుంది. కొత్త లాట్ వచ్చినప్పుడల్లా పాత లాట్‌తో పక్కపక్కన ఒక బ్లాట్ వేయండి, సీసా మీద వచ్చిన తేదీ రాయండి, పదిసార్లు గడ్డకట్టించి కరిగించకుండా చిన్న చిన్న భాగాలుగా పంచి మైనస్ 20లో పెట్టుకోండి.

సమయం అయింది. పక్క ల్యాబ్‌లో మెంబ్రేన్ పొద్దున్నే ట్రాన్స్‌ఫర్ చేసి పాలపొడి ద్రావణంలో ఉంచాం, బ్లాకింగ్ గంట దాటింది. డీఓ-1 పోయడం దగ్గర్నుంచి మీరే చేస్తారు. మొదటి లేన్‌లో ఎంసీఎఫ్-7, రెండో దాంట్లో డాక్సోరూబిసిన్ ఇచ్చిన ఎంసీఎఫ్-7, మూడో దాంట్లో హెచ్1299. దీంతోపాటు లేబుల్ మీద పి53 అని రాసి ఉన్న ఇంకో పాలీక్లోనల్ సీసా ఇస్తాను, ఇంకో మెంబ్రేన్ మీద అదే వరుసలో లేన్లున్నాయి, దాని మీద పోయండి. మూడో లేన్‌లో ఏమొస్తుందో ఆ సీసాతో నేనూ ఇంకా చూడలేదు. గ్లవ్స్ వేసుకుని రండి.